మోడిఫై చేసిన ఆఫ్-రోడ్ బండిలో పవర్ స్టీరింగ్ ఆయిల్ లీకేజీ: కారణంతో సహా సరిచేసే పద్ధతి

"సీల్ మార్పించాను, కొన్నాళ్లకే మళ్లీ కారుతోంది." లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే సామాను), పెద్ద టైర్లు వేసుకున్నవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఇదే. మామూలు బండిలో సీల్ పాతబడి కారుతుంది, కొత్తది వేస్తే ఆగిపోతుంది. మోడిఫై చేసిన బండిలో చాలాసార్లు సీల్‌ను వేరే ఏదో పాడుచేస్తూ ఉంటుంది: వేడి, షాఫ్ట్ మీద పక్కనుంచి పడే లోడు, ఆయిల్లో గాలి, సాగి బిగుసుకున్న పైపు, రిటర్న్ దారిలో అడ్డు. దాన్ని వదిలేసి సీల్ ఒక్కటే మారిస్తే అదే పని మళ్లీ చేయాల్సి వస్తుంది. అందుకే ఇక్కడ విప్పడం ఎంత ముఖ్యమో వెతకడం కూడా అంత ముఖ్యంగా చెప్పాను.

ఇదంతా హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న బండ్ల గురించి. పూర్తి ఎలక్ట్రిక్ స్టీరింగ్ అయితే అందులో ఆయిలే ఉండదు కాబట్టి, కింద కనిపించే మరక వేరే చోటిది.

1. కారుతున్నది స్టీరింగ్ ఆయిలేనా, ముందు తేల్చుకోండి

చాలా బండ్లలో పవర్ స్టీరింగ్‌కి ఎర్రటి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) వాడతారు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లోనూ అదే రంగు ఆయిల్ ఉంటుంది, దాని కూలర్ పైపులు కూడా రేడియేటర్ దాకా ముందుకే వస్తాయి. కాబట్టి బండి ముందు భాగం కింద ఎర్రటి చుక్క పడిందని స్టీరింగ్ విప్పేయకండి. కొన్ని కంపెనీలు లేత పసుపు ఆయిల్, కొన్ని ఆకుపచ్చ సింథటిక్ ఆయిల్ వాడతాయి. పాతబడితే ఏదైనా గోధుమరంగులోకి మారుతుంది, అప్పుడు ఇంజిన్ ఆయిల్‌లా కనిపిస్తుంది.

నమ్మదగిన పరీక్ష ఒక్కటే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టీరింగ్ రిజర్వాయర్‌లో లెవెల్ ఎక్కడుందో గుర్తు పెట్టండి. కొన్ని రోజులు బండి వాడి, మళ్లీ చల్లగా ఉన్నప్పుడు చూడండి. ఈ ఆయిల్ వాడకంలో ఖర్చయ్యేది కాదు. లెవెల్ తగ్గిందంటే ఎక్కడో బయటికి పోతోందనే అర్థం.

2. సిద్ధం చేసుకోవాల్సినవి

- జాక్, రెండు జాక్ స్టాండ్లు, వెనక చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మలు
- ఫ్లేర్ నట్ స్పానర్లు (మామూలు స్పానర్‌తో పైపు నట్ల మూలలు అరిగిపోతాయి)
- టార్క్ రెంచ్, సర్‌క్లిప్ ప్లయర్, సీల్ లాగే కొక్కెం
- పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్స్ షాఫ్ట్ చివర ఉండి చక్రాల లింకేజీని కదిపే చెయ్యి) పుల్లర్. పంపు విప్పేట్లయితే పుల్లీ పుల్లర్, పుల్లీ ఎక్కించే టూల్
- డీగ్రీజర్, బ్రేక్ క్లీనర్, నూలు రాలని గుడ్డలు
- అట్ట ముక్కలు, టార్చి, కంటి అద్దాలు, నైట్రైల్ గ్లవ్స్
- మీ బండి మాన్యువల్‌లో చెప్పిన రకం ఆయిల్, పైపులు ఖాళీ అయినా సరిపోయేంత
- ఓ-రింగులు, రాగి వాషర్లు, సీల్ కిట్, అన్నీ కొత్తవి

ఆయిల్ విషయంలో ఒక హెచ్చరిక. మాన్యువల్ ఏటీఎఫ్ అంటే ఏటీఎఫ్, సింథటిక్ హైడ్రాలిక్ అంటే అదే. రంగు దగ్గరగా ఉందని కలపకండి. పంపునో స్టీరింగ్ బాక్స్‌నో (స్టీరింగ్ తిప్పుడును చక్రాల వైపు అందించే గేర్ల పెట్టె) వేరే మోడల్‌ది మార్చి ఉంటే, ఆ పార్టు తయారీదారు ఏ ఆయిల్ చెప్పాడో చూడాలి.

ఇంకొకటి ప్రాణాల మీదికి వచ్చే విషయం. ఒత్తిడి మితిమీరకుండా పంపులో ఉండే రిలీఫ్ వాల్వు తెరుచుకునే ఒత్తిడి చాలా బండ్లలో సుమారు 1,000 నుంచి 1,500 పీఎస్ఐ, అంటే దాదాపు 70 నుంచి 100 బార్. ఆఫ్-రోడ్ కోసం మార్చిన పంపుల్లో ఇంకా ఎక్కువ ఉండొచ్చు. సన్నటి రంధ్రం నుంచి ఆ ఒత్తిడితో చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూరిపోగలదు. ఇంజిన్ నడుస్తుండగా చేత్తో తడిమి లీకు వెతకొద్దు, అట్టముక్క పట్టి చూడండి. ఒకవేళ చర్మంలోకి దూరితే, గాయం చిన్నగా కనిపించినా, నొప్పి లేకపోయినా, వెంటనే ఆసుపత్రికి వెళ్లి హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి పోయిందని చెప్పాలి.

ఈ ఆయిల్ మండుతుంది కూడా. వేడి ఎగ్జాస్ట్ మీద చుక్కలు పడుతుంటే ఆ బండి నడపకుండా ఆపేయండి.

3. కడగండి, ఆరబెట్టండి, ఆ తర్వాతే వెతకండి

బురద, ఆయిల్ కలిసిన పొర మీద లీకు ఎవరికీ దొరకదు. డీగ్రీజర్ కొట్టి పంపు, పైపులు, బాక్స్, దాని చుట్టూ ఛాసిస్ మొత్తం శుభ్రంగా కడగండి. ఆల్టర్నేటర్‌ను ప్లాస్టిక్ కవర్‌తో కప్పండి. పూర్తిగా ఆరనివ్వండి.

ఇప్పుడు వెతికే వరస:

- ఇంజిన్ ఆపి ఉండగా, చేత్తో పైపులు కదిపి పగుళ్లు, ఉబ్బులు, రాపిడి గుర్తులు చూడండి.
- ఇంజిన్ ఐడిల్‌లో, స్టీరింగ్ నేరుగా ఉంచి చూడండి. ఇక్కడే తడి కనిపిస్తే రిటర్న్ వైపు, పంపు షాఫ్ట్ సీల్, రిజర్వాయర్‌లను ముందు అనుమానించాలి.
- ఒక మనిషిని కూర్చోబెట్టి స్టీరింగ్ మెల్లగా ఇటు నుంచి అటు తిప్పించండి. తిప్పినప్పుడే తడిస్తే ప్రెజర్ పైపు లేదా బాక్స్.
- చివరగా ఫుల్ లాక్ దాకా, అంటే స్టీరింగ్ ఇక తిరగని చోటిదాకా. అక్కడ ఐదు సెకన్లు మించి పట్టి ఉంచొద్దు. ఆ స్థితిలో రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆయిల్ అక్కడక్కడే తిరుగుతూ చాలా త్వరగా వేడెక్కుతుంది.

తడి కనిపించిన చోట ఆగిపోకండి. ఆయిల్ కిందికి జారుతుంది, ఫ్యాన్ గాలికీ బండి వేగానికీ వెనక్కి పోతుంది. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు తడిసిన బిందువు ఏదో అదే మూలం. ఐడిల్‌లో దొరకకపోతే యూవీ డై (యూవీ వెలుతురులో మెరిసే రంగు) కలిపి, బండిని గతుకుల మీద కాసేపు నడిపి, చీకట్లో యూవీ టార్చితో చూడండి. మోడిఫై చేసిన బండిలో ఇది చాలా అవసరం. సస్పెన్షన్ ఒక మూలకు వంగినప్పుడు మాత్రమే లాగబడే పైపు, చదునైన నేల మీద ఎంతసేపు చూసినా పొడిగానే ఉంటుంది.

4. కారే చోటు చెప్పే సంగతి

రిజర్వాయర్ మూత దగ్గర కారుతోందా? మూత మార్చే ముందు లోపలికి చూడండి. ఆయిల్ నురగలా, పాలపాలగా ఉంటే గాలి చేరింది. రిజర్వాయర్ నుంచి పంపుకి వెళ్లే పైపులో ఆయిల్‌ను పంపు పీల్చుకుంటుంది. అక్కడ క్లాంప్ వదులైతే ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ బయటికి రావడానికి బదులు గాలి లోపలికి పోతుంది. ఆ గాలి ఆయిల్‌ను ఉబ్బించి మూతలోంచి తోసేస్తుంది. చూసేవాళ్లు మూతే చెడిందనుకుంటారు. విడి రిజర్వాయర్ పెట్టుకున్న బండ్లలో ఈ సమస్య ఎక్కువ. రిజర్వాయర్ పంపు కన్నా ఎత్తులో ఉండాలి, ఫీడ్ పైపు లావుగా, పొట్టిగా, మెలికలు లేకుండా ఉండాలి. నురగ లేకుండా, ఏటవాలు ఎక్కినప్పుడు మాత్రమే మూతలోంచి వస్తుంటే ఆయిల్ ఎక్కువ పోశారన్నమాట, లేదా గాలి రంధ్రం ఉన్న మూత ఆ వాలుకి సరిపోవడం లేదు.

స్టీరింగ్ బాక్స్ అడుగున, పిట్‌మన్ ఆర్మ్ పైన తడి ఉంటే సెక్టార్ షాఫ్ట్ (బాక్స్ నుంచి బయటికి వచ్చి పిట్‌మన్ ఆర్మ్‌ను తిప్పే షాఫ్ట్) సీల్. ఆఫ్-రోడ్ బండ్లలో తరచూ పోయేది ఇదే, కారణం చాలావరకు పక్క లోడు. పెద్ద టైర్లు, తగ్గించిన గాలి, లాక్ చేసిన ముందు డిఫరెన్షియల్, రాళ్ల మధ్య ఇరుక్కున్న చక్రం, ఇవన్నీ ఆ ఒక్క షాఫ్ట్ మీదే పడతాయి. లిఫ్ట్ కోసం డ్రాప్ పిట్‌మన్ ఆర్మ్ (కిందికి ఎక్కువ వంచిన ఆర్మ్) వేస్తే లోడు పడే బిందువు బేరింగ్‌కి ఇంకా దూరమై షాఫ్ట్‌ను ఎక్కువగా వంచుతుంది.

బాక్స్ పైన, స్టీరింగ్ కాలమ్ కలిసే చోట తడి ఉంటే ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్. ఈ సీల్ వెనక ఉండేది రిటర్న్ వైపు తక్కువ ఒత్తిడి. అది పదేపదే పోతుంటే రిటర్న్ దారిలో అడ్డుందేమో చూడండి: మరీ సన్నటి కూలర్, మూసుకుపోయిన ఫిల్టర్, వించ్ బంపర్ బిగించినప్పుడు నలిగిన పైపు.

బాక్స్‌కి బదులు ర్యాక్ (అడ్డంగా జరిగి చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) ఉన్న బండిలో, రెండు చివర్లలోని రబ్బరు బూటు క్లిప్ తీసి చూడండి. లోపల ఆయిల్ ఉంటే ర్యాక్ చివరి సీల్ పోయింది. అది ఇంటి దగ్గర చేసే పని కాదు. ర్యాక్ రీబిల్డ్ చేయించడమో మార్చడమో చేయాలి.

5. పైపులు, ఫిట్టింగులు

ముందు ఇవి సరిచేయండి. చాలా లీకులు ఇక్కడే ఆగిపోతాయి.

ప్రెజర్ పైపుకి అతుకులు పనికిరావు. పగిలిన చోట కోసి, మధ్యలో గొట్టం పెట్టి క్లాంప్ బిగించడం ప్రమాదం. హైడ్రాలిక్ పైపులు క్రింప్ చేసే షాపులో కొత్తది చేయించండి. పవర్ స్టీరింగ్ ఒత్తిడికి, వేడికి సరిపడే రేటింగ్ ఉన్న పైపే అడగండి. పొడవు కొలిచేటప్పుడు ముందు యాక్సిల్‌ను ఒకవైపు పూర్తిగా పైకి, ఒకవైపు పూర్తిగా కిందికి పెట్టి, స్టీరింగ్ రెండు లాకుల దాకా తిప్పి కొలవండి. ఏ స్థితిలోనూ పైపు బిగుసుకోకూడదు, స్ప్రింగుకీ ట్రాక్ బార్‌కీ (యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టే కడ్డీ) తగలకూడదు.

రిటర్న్ పైపుకి ఒత్తిడి తక్కువే అయినా వేడి ఎక్కువ. హీటర్ గొట్టాలు, మామూలు పెట్రోల్ పైపులు వేడి ఆయిల్‌కి మెత్తబడి ఉబ్బిపోతాయి. ట్రాన్స్‌మిషన్ కూలర్ రకం పైపు వాడండి. స్క్రూ క్లాంపు పైపును కోస్తుంది, అంచులు మడిచిన ఫ్యుయల్ ఇంజెక్షన్ క్లాంపు మంచిది.

ఫిట్టింగుల్లో జరిగే తప్పులు ఎక్కువ కాబట్టి విడిగా రాస్తున్నాను.

- 37 డిగ్రీల ఫ్లేర్‌నీ (గరాటులా వెడల్పు చేసిన పైపు చివర) 45 డిగ్రీల ఫ్లేర్‌నీ కలపకండి. రెండూ బిగుసుకున్నట్టే ఉంటాయి, కానీ ఒత్తిడి వచ్చాక కారతాయి.
- ఫ్లేర్ మీద, ఓ-రింగు ఫిట్టింగు మీద టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. అక్కడ సీల్ అయ్యేది మర దగ్గర కాదు. తెగిన టేపు ముక్కలు బాక్స్ వాల్వులోకి పోతే స్టీరింగ్ ఒక వైపు లాగడం మొదలవుతుంది.
- కోన్ ఆకారపు పైపు మర ఉన్నచోట హైడ్రాలిక్ పనులకు తగిన పేస్ట్ సీలెంట్ వాడండి, అదీ మొదటి మర వదిలేసి.
- ఓ-రింగును అదే ఆయిల్‌తో తడిపి వేయండి. కొన్ని ఓ-రింగు ఫిట్టింగుల్లో నట్ బిగించాక కూడా పైపు కొంచెం తిరుగుతుంది. అది సహజం. ఆపాలని ఇంకా బిగిస్తే మర పోతుంది.
- బాంజో బోల్టుకి (లోపలినుంచి ఆయిల్ పోయే బోలు బోల్టు) పైన ఒకటి, కింద ఒకటి, రెండు రాగి వాషర్లూ కొత్తవి వేయండి.

పైపును ఛాసిస్‌కి రబ్బరు లైనింగు ఉన్న పి-క్లాంపులతో పట్టండి. జిప్ టైలు ఎగ్జాస్ట్ వేడికి పెళుసెక్కి విరిగిపోతాయి.

6. సెక్టార్ షాఫ్ట్ సీల్ మార్చడం

విప్పేముందు ఒక పరీక్ష తప్పనిసరి. టైర్లు నేల మీదే ఉంచి, ఇంజిన్ ఆన్ చేసి, ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ కొద్దిగా తిప్పుతుంటే మీరు పక్కనుంచి షాఫ్ట్‌ను గమనించండి. షాఫ్ట్ తిరగాలి, అంతే. పక్కకి జరుగుతుంటే లోపలి బేరింగ్ అరిగింది. అప్పుడు సీల్ ఎంత మంచిది వేసినా నిలవదు. బాక్స్ రీబిల్డ్ చేయించాలి. పైన ఉండే అడ్జస్ట్‌మెంట్ స్క్రూ బిగిస్తే ఇది పోతుందని కొందరు చెబుతారు. ఆ స్క్రూ గేర్ పళ్ల మధ్య ఖాళీ కోసం ఉన్నది. దానికీ లీకుకీ సంబంధం లేదు, ఎక్కువ బిగిస్తే గేర్లు అరిగిపోతాయి.

అదే సమయంలో బాక్స్ బోల్టులు, అవి ఎక్కే ఛాసిస్ భాగం చూడండి. బాక్స్ కదులుతున్నా, ఛాసిస్‌లో వెంట్రుకంత పగులు ఉన్నా, ముందు ఆ పని.

షాఫ్ట్ బాగుంటే ఇలా చేయండి:

- చక్రాలు నేరుగా పెట్టి, బండి ముందు భాగం స్టాండ్ల మీద నిలపండి. రిజర్వాయర్ నుంచి వీలైనంత ఆయిల్ తీసేయండి.
- ఆర్మ్‌కీ షాఫ్ట్‌కీ కలిపి ఒక గీత గీయండి. లేకపోతే తిరిగి ఎక్కించేటప్పుడు ఒక పన్ను తేడా వచ్చి స్టీరింగ్ వంకరగా ఉంటుంది.
- నట్ తీసి, పుల్లర్‌తో ఆర్మ్ లాగండి. షాఫ్ట్ చివర సుత్తితో కొట్టొద్దు. ఆ దెబ్బ లోపలి బేరింగులకు, గేర్లకు తగులుతుంది.
- డస్ట్ సీల్, సర్‌క్లిప్, వాషర్, సీల్ వరసగా తీయండి. ప్రతి పొర తీసేముందు ఫోటో తీసుకోండి, బాక్స్‌ను బట్టి వరస మారుతుంది.
- సీల్ తీసేటప్పుడు కొక్కెం షాఫ్ట్‌కి గానీ బోర్ గోడకి గానీ గీసుకోకుండా చూసుకోండి. ఇంజిన్ ఆన్ చేసి ఆయిల్ ఒత్తిడితోనే సీల్ బయటికి తోయించే పద్ధతి ఒకటుంది. పని చేస్తుంది, కానీ ఆయిల్ అంతా చిమ్ముతుంది, కింద మనిషి ఉంటే ప్రమాదం. నేను సిఫారసు చేయను.
- షాఫ్ట్ మీద సీల్ ఆనే చోట గోరుతో గీసి చూడండి. తుప్పు గుంటలుంటే, గోరు తట్టుకునే గాడి ఉంటే కొత్త సీల్ కూడా అక్కడే కారుతుంది. బాగా నునుపుగా ఉంటేనే ముందుకు వెళ్లండి.
- షాఫ్ట్ పళ్ల మీద సన్నటి టేపు చుట్టండి. ఆ పళ్లు కొత్త సీల్ పెదవిని చీల్చేస్తాయి. సీల్‌కి ఆయిల్ రాసి, ప్రధాన పెదవి ఆయిల్ వైపు ఉండేలా, సరైన సైజు సాకెట్‌తో సమంగా నొక్కండి.
- టేపు తీసి, గీతకు గీత కలిపి ఆర్మ్ ఎక్కించి, మాన్యువల్లో చెప్పిన టార్క్‌కి నట్ బిగించండి. లాక్ వాషర్ కొత్తది వేయండి.

7. పంపు

పంపు షాఫ్ట్ సీల్ మార్చడానికి పుల్లీ తీయాలి. చాలా పంపుల్లో అది గట్టిగా నొక్కి ఎక్కించినది కాబట్టి పుల్లర్‌తోనే తీయాలి, ఎక్కించే టూల్‌తోనే ఎక్కించాలి. సుత్తి వాడితే పంపు లోపలి భాగాలు పోతాయి. పుల్లీ మిగతా పుల్లీలతో ఒకే వరసలో ఉందో చూడండి. వేరే మోడల్ పంపు కోసం బ్రాకెట్ తయారు చేయించుకున్న బండ్లలో ఇది తేడాగా ఉంటుంది, బెల్టు ఏటవాలుగా లాగి సీల్‌నీ బేరింగునీ తినేస్తుంది. పంపు ఇప్పటికే మూలుగుతుంటే సీల్‌తో సరిపెట్టకుండా పంపే మార్చండి.

8. హైడ్రో అసిస్ట్ ర్యామ్ ఉంటే

ర్యామ్ అంటే చక్రాలు తిప్పడానికి సాయంగా అదనంగా బిగించే హైడ్రాలిక్ సిలిండర్. మొదట చూడాల్సింది స్టీరింగ్ స్టాపులు. లాక్ దాకా తిప్పినప్పుడు యాక్సిల్ మీది స్టాపు ముందు తగలాలి. ర్యామ్ తన చివరికి ముందే చేరితే ప్రతి లాక్‌లోనూ లోడంతా దాని సీల్స్ మీద, మౌంటు మీద పడుతుంది. స్టాపు బోల్టు సర్దుబాటు చేస్తే చాలావరకు తీరుతుంది.

ర్యామ్ రాడ్ మీద గీతలుంటే సీల్ మార్చి లాభం లేదు, రాడ్ కూడా మార్చాలి. బాక్స్‌కి రంధ్రాలు వేసి పోర్టులు తీసిన చోట తడి ఉంటే, ఆ మర ఏ రకమో తెలుసుకుని దానికి తగ్గ ఫిట్టింగు వేయండి. బాక్స్‌ను పూర్తిగా విప్పకుండా రంధ్రం వేసి ఉంటే ఇనుప రజను లోపల తిరుగుతూ ప్రతి సీల్‌నూ గీరుతుంది. ఆయిల్లో లోహపు మెరుపు కనిపిస్తే బాక్స్ విప్పి కడగడం, రిటర్న్ పైపులో ఫిల్టర్ పెట్టడం రెండూ చేయాలి.

9. గాలి తీయడం

ఇక్కడ తొందరపడితే కొత్త పంపు కూడా మొదటి రోజే మూలుగుతుంది.

- ముందు చక్రాలు నేలకు తగలకుండా లేపండి.
- రిజర్వాయర్ నింపి, కాసేపు ఆగండి.
- ఇంజిన్ ఆపే ఉంచి, లాక్ నుంచి లాక్‌కి మెల్లగా 20 సార్లయినా తిప్పండి. మధ్యమధ్యలో ఆయిల్ పోస్తూ ఉండండి. ర్యామ్ ఉంటే రెట్టింపు సార్లు.
- బుడగలు ఆగాక ఇంజిన్ కొద్ది సెకన్లు నడిపి ఆపండి. లెవెల్ చూడండి.
- మళ్లీ ఆన్ చేసి, స్టాపులకు తగలకుండా మెల్లగా తిప్పండి.
- ఆయిల్ పాలపాలగా కనిపిస్తే ఆపేసి, బుడగలు పైకి చేరేదాకా వదిలేయండి. నురగ ఆయిల్‌తో నడిపితే పంపు అరుగుతుంది.

10. వేడి తగ్గించకపోతే పని సగమే

చాలా స్టీరింగ్ సీల్స్ నైట్రైల్ రబ్బరువి. ఆయిల్ 120 డిగ్రీల సెల్సియస్ దాటి ఎక్కువసేపు ఉంటే అవి గట్టిపడి పగుళ్లు వస్తాయి. రాళ్ల మీద నెమ్మదిగా పోతూ, లాక్ నుంచి లాక్‌కి తిప్పుతూ ఉంటే ఆ వేడి త్వరగానే వస్తుంది. అప్పుడు బండి వేగం వల్ల వచ్చే గాలి కూడా ఉండదు.

కూలర్‌ను రిటర్న్ పైపులో పెట్టండి, ప్రెజర్ పైపులో కాదు. రేడియేటర్ ఫ్యాన్ గాలి తగిలేచోట ఉండాలి. వించ్ వెనక దాచిన కూలర్‌కి గాలి అందదు. ఎగ్జాస్ట్ పక్కనుంచి వెళ్లే పైపుకి హీట్ షీల్డ్ వేయండి. డ్రాప్ ఆర్మ్ తప్పనిసరి అయిన బండికి సెక్టార్ షాఫ్ట్ చివరను బేరింగుతో పట్టే బ్రేస్ దొరికితే వేయించండి.

సీసాల్లో అమ్మే లీక్ స్టాప్ ద్రవాలు రబ్బరును ఉబ్బించి కొన్నాళ్లు ఆపుతాయి. తర్వాత అదే రబ్బరు మెత్తబడి ఇంకా ఎక్కువ కారుతుంది. అడవి మధ్యలో తప్పదనుకుంటే సరే, మరమ్మతుగా మాత్రం లెక్కపెట్టకండి.

పని అయ్యాక చూసుకోవాల్సినవి:

- మొదటి డ్రైవ్ తర్వాత లెవెల్, అన్ని ఫిట్టింగులు
- మొదటి ఆఫ్-రోడ్ ట్రిప్ తర్వాత బాక్స్ బోల్టులు, పిట్‌మన్ నట్, పైపుల రాపిడి
- బ్రేకు పైపుల మీద, డిస్కుల మీద ఆయిల్ పడి ఉంటే శుభ్రం. ప్యాడ్లకు ఆయిల్ పట్టి ఉంటే ప్యాడ్లు మార్చడమే

11. దారిలో పగిలితే

బండిలో ఆయిల్, రిటర్న్ పైపు ముక్క, క్లాంపులు, మీ ఫిట్టింగుల సైజు మూతలు ఉంచుకోండి. రిటర్న్ పైపు పగిలితే మార్చుకుని వెళ్లిపోవచ్చు. ప్రెజర్ పైపు పోతే టేపులు, జిగుర్లు ఆ ఒత్తిడికి ఆగవు. పంపుకి విడి బెల్టు ఉంటే బెల్టు తీసేసి, బరువైన స్టీరింగ్‌తోనే మెల్లగా బయటపడండి. వాటర్ పంపు కూడా అదే బెల్టు మీద ఉంటే బెల్టు తీయడం కుదరదు. ఆయిల్ లేకుండా పంపు తిరిగితే కొద్దిసేపట్లోనే పాడవుతుంది. పంపును వదిలేసి తిరిగే పొట్టి బెల్టు ముందే కొలిచి ఉంచుకుంటే అప్పుడు పనికొస్తుంది.

ర్యామ్ పైపు పగిలితే బాక్స్ దగ్గరి రెండు పోర్టులకూ మూతలు బిగించండి, బాక్స్ ఎప్పటిలాగే పని చేస్తుంది. ర్యామ్‌ను మాత్రం ఊడదీసి పక్కన పెట్టండి. దాని పోర్టులు మూసి అలాగే వదిలేస్తే లోపల చిక్కిన ఆయిల్ వల్ల స్టీరింగ్ తిరగదు. ఒక వైపే రాడ్ ఉన్న ర్యామ్‌కి రెండు పోర్టులూ ఒకదానికొకటి కలిపినా అంతే, రెండు వైపులా పట్టే ఆయిల్ పరిమాణం ఒకటి కాదు కాబట్టి అది మధ్యలో బిగుసుకుంటుంది.